ఎదురుకాళ్ళ పిల్ల

నేను ఇంగ్లీషు చెప్పే బళ్ళో తొమ్మిదో తరగతికి ప్రతి ఏడూ జాతీయాల పాఠం ఒకటి వస్తుంది. అందులో ఒకటి, ఫలానా విద్య ఫలానావాడి రక్తంలోనే ఉంది అనేది. ఎవరూ నేర్పకుండానే వచ్చింది, పుట్టుకతోనే తెచ్చుకున్నాడు అని అర్థం. మిగతావాటికి ఒక్కోదానికి రెండు మూడు ఉదాహరణలు రాయిస్తాను. దీనికి మాత్రం అర్థం చెప్పేసి పేజీ తిప్పేస్తాను. ఎందుకని పిల్లలు ఇంతవరకు అడగలేదు. ఇంగ్లీషువాళ్ళకు విద్య రక్తంలో ఉంటుందట. నాకు కాళ్ళలో ఉండేది.

నేను కాళ్ళు ముందుగా పుట్టాను. తల రావాల్సిన చోట ఎడమకాలు వచ్చిందట. నగరిలో మా నేతగాళ్ళ వీధిలో అప్పటికింకా కాన్పులు ఇళ్ళలోనే జరిగేవి. మంత్రసాని ఒక పగలూ ఒక రాత్రీ అమ్మతో పాటు తానూ చెమటలు కక్కి నన్ను బయటికి లాగింది. అమ్మ బతికింది కానీ మళ్ళీ కడుపు పండలేదు. ఆ లెక్కన నేను ఒక్కదాన్నే వచ్చి, వస్తూ వస్తూ వెనక తలుపు వేసేశాను.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళకు ఒక శక్తి ఉంటుందని మా వైపు నమ్మకం. నడుము పట్టేసినవాళ్ళను బోర్లా పడుకోబెట్టి ఎడమకాలితో మూడుసార్లు తొక్కితే ఆ పట్టు వదులుతుంది. దానికి పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున, పరగడుపున, ఇంటి వాకిట్లో జరగాలి. తొక్కిన ప్రతిసారీ తొక్కేవాళ్ళు "పోయినాదా?" అని అడగాలి. పడుకున్నవాళ్ళు "పోయినాది" అనాలి. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అనాలి. లేచిన తర్వాత ఇక ఆ నొప్పి ఊసే ఎత్తకూడదు. ఎత్తితే పోయినదాన్ని పేరుపెట్టి పిలిచినట్టే, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

ఈ నియమంలో ఉన్న మెలిక పెద్దయ్యేదాకా నాకు తట్టలేదు. తగ్గనివాడు తగ్గలేదని చెప్పడానికి ఇందులో దారి లేదు. అందుకే నా కాలు తగిలిన నడుముల్లో ఒక్కటి కూడా బాగుకాకుండా పోలేదు.

నేతపనికీ నడుమునొప్పికీ దగ్గర చుట్టరికం. గుంటమగ్గంలో కాళ్ళు దింపి కూర్చుని పొద్దస్తమానం వంగి నేసినవాళ్ళ నడుములు ఒక రకంగా పోయేవి. పవర్లూములు వచ్చాక షెడ్లలో రెండేసి మగ్గాల మధ్య నిలబడి తెగిన దారాలు ముడివేసేవాళ్ళ నడుములు ఇంకో రకంగా పోయేవి. ఆదివారం తెల్లవారితే మా వాకిట్లో ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు. ఆరేళ్ళ పిల్లని, పాచిముఖంతో అమ్మ చెయ్యి పట్టుకుని పెద్దపెద్ద మగవాళ్ళ వీపుల మీద కాలు పెట్టి "పోయినాదా?" అని గద్దించేదాన్ని. బళ్ళో లెక్కలు రాక గోడకుర్చీ వేసే పిల్లకు వారానికి ఒకరోజు అంత పెత్తనం దొరకడం చిన్న సంగతి కాదు.

ఎదురింటి అవ్వ నాకు మొదటి భక్తురాలు. ఆమె నడుము ఏ వారమూ తప్పకుండా పట్టేసేది. పడుకుని కూడా నోరు ఊరుకునేది కాదు.

"నీ మొగుడు పుణ్యాత్ముడే. దినామూ నీ కాలికిందనే పడుండొచ్చు," అనేది.

"గమ్మునుండవ్వా, మంత్రం తప్పిపోతాది," అనేదాన్ని. మంత్రం ఏమీ లేదు. ఉందని అవ్వ దగ్గర బడాయి పోయేదాన్ని.

మా నాయన షెడ్డు మగ్గాల మోతలో సగం చెవుడు తెచ్చుకున్న మనిషి. ఆయన రహస్యం చెప్పినా మూడిళ్ళకు వినపడేది. నా సంగతి మాత్రం రహస్యంగా చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదు. టీకొట్టు దగ్గర, రైలుస్టేషను దగ్గర, పరిచయం లేనివాడు నడుము మీద చెయ్యి పెట్టుకుని కనబడితే చాలు.

"ఏమప్పా, నడుమా? ఆదివారం మా ఇంటికి రా. మా పాప కాలు పెడితే పోతాది. అది పుట్టుకతో వచ్చింది, మందూ మాకూ కాదు," అనేవాడు.

నేను కాలేజీకి వెళ్ళాక సిగ్గేసింది. అప్పుడు కొన్నాళ్ళు ఆదివారాలు తలనొప్పి తెచ్చుకున్నాను. నాయన నన్ను ఏమీ అనలేదు. వచ్చినవాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి, "పాపకు ఒంట్లో బాగలేదు, వచ్చే వారం రాండప్పా," అని పంపించేవాడు. వాళ్ళు వెళ్ళాక ఆయన ముఖం చూడలేక మళ్ళీ మొదలుపెట్టాను. ఉద్యోగం వచ్చి, పెళ్ళై, తిరుపతిలో కాపురం పెట్టాక కూడా శనివారం సాయంత్రం బస్సెక్కి నగరికి వచ్చేదాన్ని. అమ్మానాయనలను చూడ్డానికి వస్తున్నానని నా భర్తకు చెప్పేదాన్ని. అది నిజమే. కానీ వీధి మొదట్లో దిగగానే "వచ్చిందిరా మన డాక్టరమ్మ" అనే మాట వినడానికి కూడా వచ్చేదాన్ని. అదీ నిజమే, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నాయనకు నొప్పి ఎప్పుడు మొదలైందో మాకు సరిగ్గా తెలియదు. నాకు తెలిసిన మొదటి ఆదివారం, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఆయన తుండుగుడ్డ పరుచుకుని వాకిట్లో బోర్లా పడుకున్నాడు.

"నాకూ రవంత తొక్కమ్మా," అన్నాడు.

తొక్కాను. "పోయినాదా?" అన్నాను. "పోయినాది," అన్నాడు, వీధి చివరిదాకా వినబడేట్టు. లేవడానికి మాత్రం అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

తర్వాతి వారమూ పడుకున్నాడు. ఆ పై వారమూ అంతే. నొప్పి అనే మాట ఎత్తడు, ఎత్తకూడదు కదా. తుండుగుడ్డ మాత్రం పరుస్తాడు. చిక్కిపోతున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోందని అమ్మ చెప్పింది. సంగటి ముద్ద సగం తిని కంచం పక్కకు జరుపుతున్నాడంది. ఒక ఆదివారం కాలు పెట్టినప్పుడు వెన్ను మధ్యలో ఒక ఎముక కొద్దిగా పైకి లేచినట్టు నా అరికాలికి తగిలింది. మెత్తటి చోట గులకరాయిలా అనిపించి కాలు తీసేశాను.

"నాయనా, తిరుపతికి పోదాం. ఒక ఫోటో తీయించుకుందాం నడుముకు," అన్నాను.

ఆయన లేచి కూర్చుని నవ్వాడు.

"పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. ఊళ్ళో అందరికీ పనికొచ్చిన చెట్టు నాకు పనికిరాకుండా పోతాదా? రేపు నేనే ఆస్పత్రిలో నడుము సూపించుకుంటే వీధిలో ఏమనుకుంటారు? కన్నతండ్రికే తగ్గలేదంట, మనకేం తగ్గతాదని అనుకోరా? నిన్నెవురన్నా ఒగ మాట అంటే నేను పడలేనమ్మా."

అప్పుడు నేను ఏమనాలి? చదువుకున్నదాన్ని. లేచిన ఎముకను నా అరికాలితోనే తెలుసుకున్నదాన్ని. ఆయన చెయ్యి పట్టుకుని బస్సెక్కించాల్సింది. నేను ఆ పని చేయలేదు. ఆయన మాట నాకు నచ్చింది. ఇన్నేళ్ళకు కూడా ఈ మాట రాయాలంటే చెయ్యి ఆగుతోంది, అయినా రాస్తున్నాను, నాకు నచ్చింది. వీధిలో నా పేరు నిలబడాలని నాయన కోరుకోవడం నాకు తీయగా ఉండింది. సరే వచ్చే వారం చూద్దాం అన్నాను. ఆ వచ్చే వారాలు ఆరు నెలలయ్యాయి. ప్రతి వారమూ తొక్కాను. ఎముక తగిలిన చోటు తప్పించి, కొంచెం పక్కగా.

ఆరో నెలలో ఒక సాయంత్రం నాయన షెడ్డు నుంచి ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది. ఆయనకు తెలియలేదు. వీధి మొదట్లో కూర్చున్నవాళ్ళు నవ్వితే తానూ నవ్వుతూ చెయ్యి ఊపాడట, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా. అమ్మ చూసి కాళ్ళు కడగడానికి నీళ్ళు తెచ్చింది. బొటనవేలు పగిలి రక్తం కారుతోంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"నొప్పి ల్యాదా?" అని అడిగింది.

"ల్యాదు," అన్నాడు. ఆ రోజు ఆయన అబద్ధం చెప్పలేదు.

అమ్మ ఫోను చేసింది. మర్నాడు కారు మాట్లాడుకుని వెళ్ళి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకొచ్చాను. డాక్టరు ముందు కూర్చోబెడితే మొదటి ప్రశ్నకే చిక్కొచ్చింది.

"నడుమునొప్పి ఎన్నాళ్ళనుంచి?"

"నొప్పి లేదు సార్. అది పోయినాది," అన్నాడు నాయన గట్టిగా. గదిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"మరి దేనికొచ్చినావయ్యా?"

"చెప్పు నిలస్తా లేదు సార్ కాలికి."

అక్కడ కూడా ఆయన నియమం తప్పలేదు. తప్పితే నా పేరు పోతుందని భయపడ్డాడు. డాక్టరు చిన్న సూదితో పాదం దగ్గర్నుంచి పైకి గుచ్చుకుంటూ వచ్చాడు. మోకాలు దాటి తొడ సగానికి వచ్చేదాకా నాయన ముఖంలో ఏ కదలికా లేదు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

స్కాను తీశాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. వెన్నుపూసకు క్షయ అన్నాడు. దగ్గు క్షయ ఒక్కటే నాకు తెలుసు. ఎముకకు కూడా వస్తుందని, రెండు పూసలు లోపల గుల్లయి కూలిపోయాయని, అవి నరం మీద పడ్డాయని ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

"మొదట్లోనే వచ్చుంటే మాత్రలతో పోయేదమ్మా," అన్నాడు.

తర్వాత మామూలుగా, రాసుకుంటూ అడిగాడు. "మర్దనలు చేయించడం, తొక్కించడం లాంటివి ఏమన్నా చేసినారా?"

"లేదు సార్," అన్నాను.

రాసుకున్నాడు. ఆ ఒక్క మాటతో నేను అడగాల్సిన ప్రశ్నకు నేనే అడ్డం పడ్డాను. తొక్కడం వల్లే కూలాయా, తొక్కకపోయినా కూలేవా? ఆ డాక్టరు ఒక్కడే చెప్పగలిగి ఉండేవాడు. ఇప్పుడు ఏ డాక్టరును అడిగినా, చూడకుండా ఎలా చెప్పగలం అంటాడు. అడిగి చూశాను కూడా.

ఆపరేషను రోజు అమ్మా నేనూ వరండాలో కింద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. దారం కండెలు చుట్టి అలవాటైన చేతులు ఆరోజు ఖాళీగా ఉండలేక కొంగు అంచు చుడుతూ విప్పుతూ ఉన్నాయి.

"అమ్మా, నా వల్లే అయింది," అన్నాను.

అమ్మ నా వైపు చూడకుండా చెప్పింది.

"నీకప్పుడు మూడో నెల. మీ నాయనమ్మ నిన్ను ఎత్తుకునేది కాదు. ఎదురుకాళ్ళ పిల్ల, తల్లిని మింగబోయింది, ఇంగ తండ్రిని మింగతాది అనె. వీధంతా అదే మాట, ఎదురుకాళ్ళకు శక్తి ఉంటాదనేది ఎవురికీ గుర్తు రాలే. పేరు పెట్టే దినానికి ఎవురూ బిడ్డ దగ్గరకు రాలే. మీ నాయన అందరూ సూస్తా ఉండంగా వాకిట్లో బోర్లా పడుకున్యాడు. నా చేత నీ కాలు ఆయన నడుము మీద పెట్టించినాడు. లేసి, 'నెల దినాల్నుంచి సంపతా ఉన్న నొప్పి పోయినాదప్పా, నా బిడ్డ కాల్లో ఉండాది' అని అరిసినాడు. ఆ మర్నాడే ఎదురింటి అవ్వ వచ్చె. ఆ తర్వాత నిన్ను ఎత్తుకోనోళ్ళు లేరు."

"మరి ఆ నొప్పి?"

"ఆయనకప్పుడు నడుమునొప్పే లేదు," అంది అమ్మ.

అంటే నా విద్య పుట్టుకతో వచ్చింది కాదు. మూడో నెలలో నాయన ఇచ్చాడు. ఒక అబద్ధం చెప్పి ఇచ్చాడు. ముప్పై ఏళ్ళు ఒకే మాట చెబుతూ వస్తే చెప్పినవాడికే అది నిజమైపోయిందో, లేక అబద్ధమని తెలిసీ నన్ను కాచుకోవడానికే ఆ ఆరు నెలలు నోరు మూసుకున్నాడో నాకు తెలియదు. నాయనమ్మ మాట నిజం కాకూడదని ఆయన ఆ రోజు పడుకున్నాడు. చివరికి నాయనమ్మ అన్నదే అయింది కదా అని ఏడుపొచ్చింది. అక్కడే, జనం నడిచే వరండాలో, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. అమ్మ నన్ను ఊరుకోమనలేదు.

ఆపరేషను చేశారు, మాత్రలు మొదలుపెట్టారు. జ్వరం తగ్గింది, ముద్ద సయించింది. కాళ్ళకు మాత్రం నడకా రాలేదు, స్పర్శా రాలేదు. అమ్మానాయనలిద్దరినీ తిరుపతిలో మా ఇంటికే తెచ్చుకున్నాను. కిటికీ పక్కన మంచం వేశాం. ఆయన మగ్గాల మోత లేకుండా నిద్రపట్టదనేవాడు. నా భర్త పాత ఫ్యాను ఒకటి తెచ్చి మంచం దగ్గర పెట్టాడు. అది గడగడమంటుంటే బాగుందనేవాడు.

ఎదురింటి అవ్వ ఒకసారి చూడ్డానికి నగరి నుంచి వచ్చింది. ముసలితనంతో బాగా వంగిపోయింది. మంచం పక్కన కూర్చుని నాయన కాళ్ళు నిమిరింది. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి నా వైపు చూసింది. అడగాలనుకుందో, అనాలనుకుందో. చివరికి, "నా నడుం కత ఇంగ ముగిసినట్టేలే పాపా," అని వెళ్ళిపోయింది. గడప దాటేదాకా నేను తల ఎత్తలేదు. ఆ తర్వాత నగరి నుంచి నడుము కోసం ఎవరూ రాలేదు.

నాయన అంతా విన్నాడు. చెవుడు ఉన్నా కావాల్సినవి వినపడతాయి. ఆ వారం ఆదివారం పొద్దున నేను కాఫీ తీసుకెళ్తే వద్దన్నాడు.

"ఈ పొద్దు ఆదివారం గదా. పరగడుపున ఉండాను. తొక్కమ్మా," అన్నాడు.

"నాయనా, డాక్టరు వెన్ను కదిలించొద్దన్నాడు."

"వెన్ను కాదు. కాళ్ళ మీద. రవంత పెట్టు, సాలు. ఎన్ని వారాలాయె."

అమ్మ వచ్చి ఆయన్ను మెల్లగా గోడ వైపుకు తిప్పి పక్కకు పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మంచం పక్కన నిలబడ్డాను. కిటికీ కమ్మీ పట్టుకుని ఎడమకాలు ఎత్తాను. ఆయన కాళ్ళు దుప్పటి కింద సన్నగా రెండు కర్రల్లా ఉన్నాయి. వాటి మీద పెట్టలేకపోయాను. ఆ పాదంతోనే కదా, పూస లేచిందని తెలిసీ పక్కగా తొక్కింది. కాలు దించి నేల మీద పెట్టుకున్నాను. "పోయినాదా" అని అడగనే లేదు.

నాయన గోడ వైపు చూస్తూ నా ప్రశ్న కోసం ఆగాడు.

"పోయినాది," అన్నాడు. మళ్ళీ ఆగి, "పోయినాది," అన్నాడు. మూడోసారి వంటింట్లో అమ్మకు, పక్కింటివాళ్ళకు, బహుశా నగరి దాకా వినబడాలన్నట్టు గట్టిగా అన్నాడు. "పోయినాదమ్మా. నీ కాలు అట్టాంటిది."

ఆ తర్వాత ఆయన ఎనిమిది నెలలు బతికాడు. ప్రతి ఆదివారం కాఫీకి ముందు గోడ వైపు తిరిగేవాడు. నేను వెళ్ళి మంచం పక్కన నిలబడేదాన్ని. ఆయన మూడుసార్లు అనేవాడు. ఒక్కసారి కూడా నేను కాలు పెట్టలేదు. పెట్టలేదని ఒక్కసారి కూడా చెప్పలేదు.